మదాత్యయము: మద్యం మానినవారికి తోడు

అతిగా మద్యం సేవించుట వలన కలుగు వ్యాధిని మన శాస్త్రం 'మదాత్యయము' అని పేర్కొన్నది. చరక సంహిత చికిత్సాస్థానంలోని 24వ అధ్యాయం దీనికే కేటాయింపబడినది. ఓజస్సునకు పది గుణములు కలవనియు, వానికి విరుద్ధమైన పది గుణములు మద్యమునకు కలవనియు, కనుకనే మద్యం ఓజస్సును క్షోభింపజేసి మనస్సును చెరచుననియు చరకుడు వివరించినాడు. అదే అధ్యాయంలో గృహస్థులు అంతగా ఎరుగని మరొక విషయం ఉన్నది. కొంతకాలం మద్యం మాని, మరల ఒక్కసారిగా అతిగా త్రాగిన వానికి ధ్వంసకము, విక్షయము అను రెండు వ్యాధులు కలుగును. నోరు, గొంతు ఎండుట, చిన్న శబ్దమునైనను సహింపలేకపోవుట, మత్తునిద్ర మొదటిదాని లక్షణములు. గుండెలో బాధ, వాంతి, జ్వరం, తలనొప్పి, మతి తప్పుట రెండవదానివి.

స్టేషన్ ఘనపూర్ ప్రాంతంలో ఏటా సంక్రాంతి దాటిన తరువాత ఇట్టివారు నా వద్దకు వచ్చుట చూచుచున్నాను. కార్తీకంలో అయ్యప్ప మాల ధరించి 41 దినములు చుక్క ముట్టనివారే, ఇరుముడి సమర్పించి ఇంటికి వచ్చి, మొదటి దావత్‌లోనే పడిపోవుదురు. వారికి నియమబలం లేదని నేననను. 41 దినములు నిలిచినవానికి బలం లేదని ఎట్లనగలము? ఆ దినములలో నలుగురు స్వాములు వెంట ఉన్నారు. సాయంకాలం, సరిగా త్రాగుడు వేళకు, భజన ఉన్నది. ఎదురైన ప్రతివాడును 'స్వామీ' అని పిలిచినాడు. మాల తీసిన నాడు ఆ గుంపు చెదరిపోయినది. సాయంకాలం మాత్రం మిగిలినది.

మాల తీసినను చెదరని గుంపు ఒకటి కావలెను. 1935లో అమెరికాలోని ఆక్రన్ పట్టణంలో త్రాగుడుకు బానిసలైన ఇద్దరు, ఒకరు వ్యాపారి, మరొకరు శస్త్రవైద్యుడు, ఒకరికొకరు తోడై మానిరి. ఆ ఇరువురితో మొదలైనదే 'ఆల్కహాలిక్స్ అనానిమస్'. 1957లో అది బొంబాయి చేరినది. త్రాగుడు మానవలెనన్న కోరిక తప్ప సభ్యునికి వేరే అర్హత అక్కరలేదు. రుసుము లేదు, ఇంటిపేరు చెప్పనవసరం లేదు. ఒకరి తరువాత ఒకరు తమ అనుభవం చెప్పుకొందురు, మిగిలినవారు విందురు. చరకుడు చెప్పిన మూడు చికిత్సలలో మనస్సును అహితముల నుండి మరల్చు సత్త్వావజయ చికిత్సకు ఇది దగ్గరి చుట్టమని నా అభిప్రాయం.

ఇట్టి సభ ఎక్కడ జరుగునో ఎవరిని అడుగవలెను? కల్లు దుకాణం ఎక్కడని అడుగుటకు రాని సిగ్గు ఇక్కడ అడ్డు వచ్చుచున్నది! మత్తు విమోచనకు 14446, మనోవ్యాధులకు టెలీ మానస్ 14416, ఈ రెండును ప్రభుత్వ ఉచిత ఫోను సహాయ కేంద్రములు. వరంగల్లు ఎం.జి.ఎం. ఆసుపత్రి మానసిక వైద్య విభాగంలోను విచారింపవచ్చును. సభ తెలుగులో జరుగునా, ఇంటివారికిని ప్రవేశమున్నదా లేక త్రాగుడు సమస్య ఉన్నవారికేనా, ముగియు వేళకు తిరుగు బస్సు గాని రైలు గాని దొరకునా అన్నవి ముందే అడిగి తెలుసుకొనవలెను. సభ పొరుగూరిలో ఉన్నదని విచారింపకుడు. సొంత ఊరిలో నోరు విప్పలేనివాడు అక్కడ ధైర్యంగా మాట్లాడును. ప్రయాణం వీలుకానివారికి ఫోనులో జరుగు సభలు కూడ ఇప్పుడు కలవు. సమీపమున ఏ సభయు లేనిచో, మానదలచిన ఇద్దరు ముగ్గురు కలిసి కూర్చున్నను అది సభయే. ఇల్లాళ్లకు, తల్లులకు 1951లో ఏర్పడిన 'అల్-అనాన్' అను వేరొక సంఘం కలదు. భర్త రానన్నను భార్య వెళ్ళవచ్చును.

సభకు ముందే చూడవలసినది ఒకటి ఉన్నది. నిత్యం అధికంగా త్రాగువాడు ఇంటిలో హఠాత్తుగా మానరాదు. చేతుల వణుకు, చెమటలతో మొదలై రెండు మూడు దినములలో మూర్ఛలు, మతిభ్రమ కలిగి ప్రాణం మీదికి రావచ్చును. అల్ప్రాజోలం, క్లోరల్ హైడ్రేట్ కలిపిన కల్తీ కల్లు మానినను ఇదే ప్రమాదం. అహితమైన అలవాటును పాదాంశిక క్రమంలో, అనగా పావు వంతు చొప్పున, విడువుమని చరకుడు చెప్పినాడు. అయితే ఈ కాలపు తీవ్ర మద్యముల విషయంలో ఆ కొలత ఇంటివారు నిర్ణయింపరాదు. వణుకు కనబడిన వెంటనే ఆసుపత్రిలో చేర్పించుడు. ఇది వైద్యునిగా నా గట్టి మాట.

తెలియకుండ అన్నంలో, టీలో కలిపి పెట్టు 'త్రాగుడు మాన్పు మందు' నెన్నడును కొనకుడు. అందు డైసల్ఫిరాం వంటి మందు ఉన్నచో, పైన మద్యం పడినప్పుడు రక్తపోటు పడిపోయి ప్రాణాపాయం కలుగును.

మన ఔషధముల విషయంలోను జాగ్రత్త వహింపవలెను. ఆసవారిష్టములలో పులియుట వలన పుట్టిన మద్యసారం సాధారణంగా నూటికి 5 నుండి 10 పాళ్లుండును. మదాత్యయమునకు శ్రీఖండాసవం ప్రసిద్ధమే అయినను, మానినవానికి నేను దానిని ఇవ్వను. ఇంటిలో ద్రాక్షారిష్టం, దశమూలారిష్టం సీసాలున్నచో తీసివేయుడు. అరిష్టమునకు బదులు చూర్ణమో, కషాయమో వ్రాయుమని వైద్యుని అడుగుడు.

సాయంకాలం ఆకలి, దప్పిక వేళనే త్రాగవలెనన్న కోరిక పుట్టును. కనుక సభకు వెళ్ళు దినమున ఐదు గంటలకే ఏదైన తినిపించి, ఖర్జూరాది మంథం ఇవ్వవచ్చును. ఖర్జూరం, ఎండుద్రాక్ష, చింతపండు, దానిమ్మ గింజలు, ఉసిరిక సమపాళ్లలో నలుగగొట్టి, నాలుగింతల చల్లని నీటిలో బాగుగ చిలికి వడగట్టవలెను. శాస్త్రోక్తమైన తక్కిన రెండు ఫలములు దొరకకున్నను బాధలేదు. మధుమేహం ఉన్నవారికి ఇది పనికిరాదు, వారికి ఉప్పు వేసిన పలుచని మజ్జిగ చాలును.