ముందు బోర్డు, ఆ తర్వాతే డ్రైవ్

సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కి బయల్దేరే ముందు పిల్లలు నన్ను అడిగేది ఒకటే: "అంకుల్, హార్డ్ డిస్క్ ఏది తీసుకోమంటారు?" జంపర్లు సర్ది మాస్టర్, స్లేవ్ పెట్టుకున్న ఐడీఈ రోజుల నుంచీ నా జవాబు మారలేదు. ముందు బోర్డు తేల్చండి.

1. సాకెట్ ప్రాసెసర్‌ని బట్టి ఉంటుంది. ఇంటెల్ 12, 13, 14 తరాలకు ఎల్‌జీఏ 1700, రైజెన్ 7000, 9000 సిరీస్‌లకు ఏఎం5. ఎల్‌జీఏ 1700 బోర్డుల్లో డీడీఆర్4వి వేరు, డీడీఆర్5వి వేరు. ఒకదాని ర్యామ్ మరోదాంట్లో దిగదు.

2. ఎక్కువమంది పప్పులో కాలేసేది ఎం.2 దగ్గర. ఎం.2 అంటే ఆకారమే, వేగం కాదు. 22 మిల్లీమీటర్ల వెడల్పు, 80 పొడవున్న ఆ పలకల్లో సాటావీ ఉన్నాయి, ఎన్‌వీఎంఈవీ ఉన్నాయి. చేతిలోకి తీసుకుని బంగారు రంగు అంచు చూడండి. ఒకే గాటుంటే సాధారణంగా ఎన్‌వీఎంఈ, రెండుంటే చాలావరకు సాటా. పెట్టె మీద చదివి ఖాయం చేసుకోండి. సాటా ఎస్‌ఎస్‌డీ సెకనుకు 550 ఎంబీ దగ్గర ఆగిపోతుంది, జెన్4 ఎన్‌వీఎంఈల్లో మంచివి 7,000 దాకా వెళ్తాయి. ఎన్‌వీఎంఈకి మాత్రమే పనికొచ్చే స్లాట్‌లో సాటా పలక పెడితే చక్కగానే కూర్చుంటుంది, బయోస్‌లో మాత్రం కనబడదు. డ్రైవ్ పోయిందని కంగారుపడతారు. దానికేమీ కాలేదు, స్లాట్ దానిది కాదు, అంతే.

3. కొన్ని బోర్డుల్లో ఎం.2 స్లాట్ నింపగానే ఒకటో రెండో సాటా పోర్టులు పనిచేయడం మానేస్తాయి. పాత హార్డ్ డిస్కులు కూడా తగిలించుకోవాలనుకునేవాళ్లు కొనకముందే కంపెనీ సైట్ నుంచి మాన్యువల్ దించుకుని స్టోరేజీ పేజీ చదవాలి. అరగంట పని, దయచేసి బద్ధకించకండి.

4. 2 టీబీ దాటిన డిస్క్‌ని జీపీటీ పద్ధతిలోనే ఫార్మాట్ చేయండి. ఎంబీఆర్‌లో పై భాగం వాడుకోలేరు.

5. ఇంటి కంప్యూటర్‌కి జెన్5 డ్రైవ్ దండగని నా గట్టి అభిప్రాయం. విండోస్‌కి మామూలు ఎన్‌వీఎంఈ చాలు. మిగిలిన డబ్బుతో ఇంకో హార్డ్ డిస్క్ కొని పెళ్లి ఫోటోలు, పిల్లల వీడియోలు రెండో కాపీ పెట్టుకోండి. పోయిన డ్రైవ్‌కి కంపెనీ కొత్తది ఇస్తుంది, ఫోటోలు ఇవ్వదు.

6. షాపులోనే బోర్డు పెట్టె తెరిచి ఎం.2 స్క్రూ ఉందో లేదో చూడండి. బిల్లు మీద డ్రైవ్ సీరియల్ నంబరు రాయించుకోండి. రేపు వారంటీకి వెళ్తే ముందు అడిగేది ఆ నంబరే.