కొలోన్ వెళ్తానన్నావుగా

చిట్టీ,

నీ ఉత్తరం అందింది. ఆఖెన్‌లో గది దొరికిందనీ, కుక్కర్ కూడా ఒకటి సంపాదించావనీ చదివి పిన్నికంటే నేనే ఎక్కువ సంతోషించాను. శనివారం పొద్దున్నే బయల్దేరి కొలోన్ అంతా చూసి రాత్రికి తిరిగొస్తాను, జాబితా రాసి పంపమన్నావు. జాబితా పంపను. అది పట్టుకుని తిరిగేవాళ్ళకి ఆ ఊరు ఫోటోలు తప్ప ఏమీ ఇవ్వదు. నాకు గుర్తొచ్చిన వరసలో రాస్తాను, నీకు పనికొచ్చేది తీసుకో. నేను అక్కణ్ణుంచి వచ్చేసి చాలా కాలమైంది. ధరలూ, తలుపులు తెరిచే వేళలూ నన్నడక్కు, అవి నువ్వే చూసుకో.

ఆఖెన్ నుంచి గంట ప్రయాణం. విద్యార్థి టికెట్ మీద ప్రాంతీయ రైళ్ళు ఎక్కొచ్చు. ఐసీఈ అనే వేగం రైలు మాత్రం ఎక్కకు, ఆ టికెట్ దానికి చెల్లదు. స్టేషన్ బోర్డు మీద ఊరి పేరు క్యోల్న్ అని ఉంటుంది, కంగారుపడకు.

ముందే ఒక సంగతి చెప్పేస్తాను. కొలోన్ అందమైన ఊరు కాదు. 1942 మే 30 రాత్రి వెయ్యికి పైగా బ్రిటిష్ విమానాలు ఒక్కసారిగా వచ్చి బాంబులు కురిపించాయి. అదొక్కటే కాదు, యుద్ధం ముగిసేదాకా దాడులు ఆగలేదు. నడిబొడ్డున నిలబడి మిగిలినవి బహు తక్కువ. తర్వాత తలదాచుకోడానికి గబగబా కట్టుకున్న డబ్బా ఇళ్ళే ఇప్పటికీ చాలా వీధుల్లో కనిపిస్తాయి. పోస్టుకార్డు మీద బొమ్మలాంటి జర్మనీ కావాలంటే వేరే ఊరు వెళ్ళు. ఇక్కడ మనుషులు బావుంటారు, నది బావుంటుంది, కూర్చునే చోట్లు బావుంటాయి. అందుకని తిరగడం తగ్గించి కూర్చోవడం పెంచుకో. నా సలహా మొత్తం ఇదే, మిగతాదంతా ఎక్కడ కూర్చోవాలన్నదే.

స్టేషన్ బయటికి రాగానే ఎదురుగా డోమ్, అంటే ఆ ఊరి పెద్ద చర్చి. వెతుక్కోనక్కర్లేదు, తప్పించుకోనూ లేవు. 1248లో పునాది వేశారు. 1560 ప్రాంతంలో డబ్బూ ఉత్సాహమూ అయిపోయి పని ఆగిపోయింది. సగం లేచిన దక్షిణ శిఖరం మీద రాళ్ళు పైకి లాగే చెక్క క్రేను మూడొందల ఏళ్ళు అలాగే నిలబడి ఉంది. ఎన్ని తరాలు ఆ క్రేనునే చూస్తూ పుట్టి పెరిగి పోయుంటాయో ఊహించు. 1842లో మళ్ళీ మొదలుపెట్టి, పాత నమూనాల ప్రకారమే 1880లో పూర్తిచేశారు. 157 మీటర్లు. అమెరికాలో వాషింగ్టన్ స్తంభం లేచేదాకా కొన్నేళ్ళు ప్రపంచంలో ఇంతకంటే ఎత్తయిన కట్టడం లేదు. యుద్ధంలో పద్నాలుగు పెద్ద బాంబులు తగిలినా కూలలేదు.

శిఖరం ఎక్కాలంటే 533 మెట్లు, లిఫ్టు లేదు. ఇరుకు మెలికల మెట్ల మీదే ఎక్కేవాళ్ళూ దిగేవాళ్ళూ ఎదురుపడతారు. కాళ్ళలో సత్తువుంటే ఎక్కు. నన్నడిగితే ఆ శ్రమ లోపల చూడ్డానికి దాచుకోమంటాను. బాల యేసుని చూడ్డానికి వచ్చిన ముగ్గురు జ్ఞానులవని చెప్పే అస్థికలున్న బంగారు పేటిక ప్రధాన పీఠం వెనక ఉంటుంది. ఆ అస్థికలు 1164లో మిలాన్ నుంచి తెచ్చినవి. వాటి కోసం వచ్చే యాత్రికుల రద్దీకి పాత గుడి చాలకే ఇంత పెద్దది తలపెట్టారు. మధ్యాహ్నం ఎండ ఉన్నప్పుడు దక్షిణం వైపు కిటికీ కింద కాసేపు నిలబడు. గెర్హార్డ్ రిక్టర్ అనే చిత్రకారుడు 2007లో చేసింది. దేవుడి బొమ్మ లేదు, సాధువు బొమ్మ లేదు, 72 రంగుల్లో పదకొండు వేల పైచిలుకు గాజు చదరాలు, అంతే. అప్పటి కార్డినల్‌గారికి నచ్చలేదు, ఇది మసీదుకు సరిపోతుందన్నారు. నాకు మాత్రం ఆ గుళ్ళో అన్నిటికన్నా అదే ఇష్టం. ఎండపొద్దు నేల మీదా, జనం భుజాల మీదా ఆ రంగులు పడుతుంటాయి.

ఇక బ్రౌహౌస్. అంటే సొంతంగా బీరు కాచుకునే పాతకాలపు భోజనశాల. నువ్వు తాగుతావో లేదో నేనడగను. ఆ దేశంలో బీరుకి పదహారేళ్ళు చాలు, నీకవి ఎప్పుడో దాటాయి. కానీ తాగినా తాగకపోయినా అందులో ఒకసారి కూర్చోకుండా రాకు. డోమ్ పక్కనే ఉన్న ఫ్రూ పెద్దది, ఎప్పుడూ యాత్రికులతో కిటకిటలాడుతుంది, రుచికి లోటు లేదు. నాకైతే ఫ్రీజెన్‌స్ట్రాసెలో ప్యాఫ్గెన్ మేలు. 1883 నుంచీ ఉంది. పొడవాటి చెక్క బల్లలు, ముక్కూ మొహం తెలియనివాళ్ళ పక్కనే కూర్చోవాలి. వాళ్ళు పలకరిస్తారు, నువ్వూ పలకరించు. మిగతా జర్మనీలో ఇది అంత తేలిగ్గా జరగదు.

వడ్డించే మనిషిని క్యోబెస్ అంటారు. నీలం ఆప్రాన్ కట్టుకుంటాడు, మర్యాద కాస్త తక్కువ, నోరు కాస్త ఎక్కువ. కోపం అనుకోకు, అది వాళ్ళ ఉద్యోగ ధర్మం. మంచినీళ్ళు అడిగితే సబ్బూ తువ్వాలూ కూడా కావాలా అని అడగొచ్చు. గ్లాసు సన్నగా, 200 మిల్లీలీటర్లదే ఉంటుంది. క్యోల్ష్ బీరు నురగ తొందరగా చచ్చిపోతుంది కాబట్టి ఎప్పటికప్పుడు చిన్న గ్లాసుల్లో తాజాగా పోస్తారు. నీ గ్లాసు ఖాళీ అవగానే, అడక్కుండానే ఇంకోటి పెట్టి, కింది అట్టబిళ్ళ మీద పెన్సిల్‌తో ఒక గీత గీసిపోతాడు. పెళ్ళి బంతిలో విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టేదాకా వడ్డించేవాడు ఎలా ఆగడో, ఇతనూ అంతే. చాలనుకుంటే ఆ అట్టబిళ్ళ తీసి గ్లాసు మీద మూత పెట్టు. ఆ సంజ్ఞ తెలియని కొత్తవాళ్ళు మొహమాటానికి తాగుతూనే ఉంటారు. లేచేటప్పుడు ఆ గీతలే బిల్లు. చిల్లర పైకి సర్ది మొత్తం ఎంత తీసుకోవాలో నువ్వే చెప్పాలి, బల్ల మీద వదిలిపెట్టి రావడం అక్కడి పద్ధతి కాదు. కొన్నిచోట్ల కార్డు తీసుకోరు, నోట్లు దగ్గరుంచుకో.

క్యోల్ష్ అనే పేరు ఊరికే పెట్టుకోడానికి లేదు. 1986లో అక్కడి బ్రూవరీలన్నీ కలిసి ఒప్పందం రాసుకున్నాయి, తర్వాత యూరప్ చట్టం కూడా రక్షణ ఇచ్చింది. పొరుగూరు డ్యూసెల్‌డార్ఫ్ వాళ్ళది ఆల్ట్ అనే ముదురు రంగు బీరు. అది ఇక్కడ అడిగావంటే బల్ల మొత్తం నీ వైపు తిరుగుతుంది. సరదాకి కూడా అడక్కు. తాగకపోతే యాపిల్ రసంలో సోడా కలిపిన ఆప్ఫెల్‌షోర్లె తెప్పించుకో, ఎవరూ బలవంతపెట్టరు.

తిండి దగ్గర జాగ్రత్త. నువ్వు కోడీ చేపా తప్ప ముట్టవు కదా. మెనూలో హాల్వె హాన్ అని, సగం కోడి అనే అర్థంతో ఒకటుంటుంది. చూసి ఆశపడకు, అందులో కోడి ఉండదు. రై పిండి రొట్టె, మందపాటి గౌడా చీజు ముక్క, ఉల్లిపాయ, ఆవపిండి ముద్ద. అయినా తెప్పించుకో, బావుంటుంది, ఆవఘాటు మన నాలుకకి సరిగ్గా సరిపోతుంది. రైబెకూఖెన్ ఇంకా మంచిది. బంగాళాదుంప తురుముతో నూనెలో కరకరలాడేలా కాల్చిన అట్లు, పక్కన యాపిల్ గుజ్జు. ఆ తీపి నంజుకోవడం మొదట వింతగా ఉంటుంది. సంచిలో మన కారప్పొడి ఉంటే నేను తప్పు పట్టను. హిమ్మెల్ ఉన్ ఎద్ అనేదాంట్లో పంది రక్తంతో చేసిన సాసేజ్ ఉంటుంది, జావర్‌బ్రాటెన్ సాధారణంగా గొడ్డుమాంసం. బేకరీల్లో రొట్టె మీద గులాబీ రంగు ముద్ద పూసి ఉల్లిపాయ చల్లి అమ్మేది మెట్, అది పచ్చి పంది మాంసం. వేయించిన దుంపల్లో కూడా పంది కొవ్వు ముక్కలు వేస్తుంటారు. నోరు తెరిచి అడుగు, సిగ్గుపడకు.

ఆకలి గట్టిగా ఉంటే ఇవన్నీ వదిలేసి తుర్కీ వాళ్ళ దగ్గరికి వెళ్ళు. స్టేషన్ వెనక వైడెన్‌గాసెలో బొగ్గుల మీద కాల్చిన కోడి, నిమ్మకాయ పిండుకునే ఎర్రపప్పు సూపు దొరుకుతాయి. వీలుంటే నది అవతల మ్యూల్‌హైమ్‌లో కోయిప్‌స్ట్రాసె దాకా వెళ్ళు. మిఠాయి అంగళ్ళు, పెళ్ళిబట్టల దుకాణాలు, చిన్న గాజు గ్లాసుల్లో టీ. ఆ వీధికి వెళ్ళేముందు ఒక సంగతి తెలుసుకుని వెళ్ళు. 2004 జూన్ 9న అక్కడ మంగలి షాపు ముందు మేకులు నింపిన బాంబు పేలింది. 22 మంది గాయపడ్డారు. పోలీసులు ఏళ్ళ తరబడి ఆ వీధివాళ్ళనే అనుమానించారు, వాళ్ళలో వాళ్ళకున్న తగాదాలన్నారు. ఎన్‌ఎస్‌యూ అనే నయా నాజీ ముఠా పని అని 2011లో గానీ బయటపడలేదు. నిన్ను భయపెట్టడానికి రాయడం లేదు. పరాయి దేశంలో బతకబోయేదానివి, ఆ దేశం గురించి బ్రోషర్లలో లేనిది కూడా నీకు తెలియాలి.

అదే కారణంగా ఎల్-డే హౌస్ కూడా చూడు. నాజీల రహస్య పోలీసు గెస్టాపో 1935 నుంచి పదేళ్ళు నడిపిన కార్యాలయం. చుట్టూ ఊరంతా కూలినా ఈ భవనం మాత్రం మిగిలింది. కింద జైలు గదుల గోడల మీద ఖైదీలు మేకులతో, పెన్సిళ్ళతో, గోళ్ళతో రాసిన రాతలు పద్దెనిమిది వందల దాకా ఉన్నాయి. రష్యన్, ఉక్రేనియన్, ఫ్రెంచ్, పోలిష్, జర్మన్. ఇది చూశాక వెంటనే ఇంకేదీ చూడబుద్ధి కాదు, లోపలికెళ్ళి చూసేవాటిలో దీన్ని చివర పెట్టుకో.

మ్యూజియం ఒక్కటి చాలు. పికాసో ఇష్టమైతే డోమ్ వెనకే లుడ్విగ్. చాక్లెట్ మ్యూజియం పిల్లలతో వచ్చినప్పుడు చూడొచ్చు. హోహె స్ట్రాసె షాపింగ్ వీధి నీ ఆఖెన్‌లో దొరకనిదేమీ అమ్మదు. విచిత్రం కావాలంటే సెయింట్ ఉర్సులా చర్చిలో బంగారు గది అడుగు. గోడల నిండా మనుషుల ఎముకలు అక్షరాల్లా, డిజైన్లలా పేర్చి ఉంటాయి.

సాయంత్రం హోహెంజొలెర్న్ వంతెన మీద నడిచి అవతలికి వెళ్ళు. పక్కనే రైళ్ళు దడదడలాడుతుంటాయి, కంచె నిండా ప్రేమికులు బిగించిన తాళాలు. అటువైపు డోయిట్స్ గట్టు మెట్ల మీద కూర్చుంటే నదీ, డోమ్, పాత చర్చి శిఖరాలూ ఒక్క చూపులో కనిపిస్తాయి. కొలోన్‌వాళ్ళు ఆ ఒడ్డుని ఎగతాళి చేస్తారు గానీ, వాళ్ళ ఊరు బాగా కనిపించేది అక్కణ్ణుంచే. దార్లో చిన్న కిరాణా కొట్టులో, అక్కడివాళ్ళు బ్యూట్‌షెన్ అంటారు, తాగడానికి ఏదైనా కొనుక్కో. ఖాళీ సీసా చెత్తబుట్టలో పడేయకు, పక్కన నిలబెట్టు. డిపాజిట్ డబ్బుల కోసం ఏరుకునేవాళ్ళుంటారు. కాళ్ళు తడుపుకుందామని రైన్ నదిలోకి మాత్రం దిగకు. పైకి ప్రశాంతంగా ఉంటుంది, కింద లాగుడు భయంకరం, పడవలు వెళ్ళినప్పుడు ఇంకా ఎక్కువ. ఈతొచ్చినవాళ్ళే పోయారు. ఇది ఒట్టు పెట్టించుకుని చెప్తున్నాను.

కార్నివాల్‌కి మళ్ళీ వెళ్దామనుకుంటే ఫిబ్రవరిలోనో మార్చి మొదట్లోనో జనం పోటెత్తే సోమవారం కాకుండా ముందురోజు ఆదివారం వెళ్ళు. బడిపిల్లలూ, పేటలవాళ్ళూ తీసే ఊరేగింపులు అప్పుడుంటాయి. కామెల్లె అని గట్టిగా కేకెయ్యి, మిఠాయిలు విసురుతారు. ఏదో ఒక వేషం వేసుకో, మామూలు బట్టల్లో వెళ్తే నువ్వే వింతగా కనిపిస్తావు. లోపల రెండు స్వెట్టర్లు మరిచిపోకు.

వెళ్ళొచ్చాక ఏం తిన్నావో రాయి. పిన్ని ఈ ఉత్తరం చూపించమంటే బీరు సంగతున్న కాగితం తీసేసి చూపించు.

మీ అక్క