రాత్రి డ్యూటీ లెక్క ఎవరిని అడగాలి?

ప్రశ్న: మంచాన పడ్డవారిని ఇళ్లలో చూసుకునే కేర్‌టేకర్ల జీతాలు, పనిగంటలపై నిర్ణయాల్లో వాళ్ల మాటకు చోటుందా?
– ఒక పాఠకురాలు, మారేడుపల్లి, సికింద్రాబాద్

జవాబు: చట్టంలో దారి ఉందమ్మా. 1948 నాటి కనీస వేతనాల చట్టం సలహా మండలిలో యజమానులకూ కార్మికులకూ సమానంగా స్థానాలిచ్చింది. 2019 వేతనాల కోడ్ ఆ పద్ధతినే కొనసాగిస్తూ మూడోవంతు సభ్యులు మహిళలై ఉండాలంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఇంటిపనిని 2007లోనే కనీస వేతనాల జాబితాలో చేర్చింది. మరి సలహా మండలిలోని కార్మికుల స్థానాల్లో ఒకటి కేర్‌టేకర్‌కు ఎందుకు ఇవ్వకూడదు? పుండ్లు పడకుండా రెండు గంటలకోసారి రోగిని పక్కకు తిప్పే మనిషికి రాత్రి విశ్రాంతి కింద లెక్కా, పని కింద లెక్కా? ఆఫీసులో కూర్చున్నవారికి ఇది తోచనే తోచదు. ఇది తేల్చకుండా వేసే జీతం లెక్క తప్పుతుంది.

ఇంటికొకరుగా చెదిరిన వీళ్లకు ప్రతినిధి ఎవరని అడుగుతారు. ఏజెన్సీలు నమోదు చేసుకున్న పేర్లున్నాయి, ఇంటిపనివారి సంఘాలున్నాయి. వాటి నుంచే ఎన్నుకోవచ్చు. జీతాలు పెరిగితే మధ్యతరగతి మోయలేదన్న భయం నిజమైనదే. అందుకే కుటుంబాలూ ఆ బల్ల దగ్గరే కూర్చోవాలి, ప్రభుత్వం ఎంత భరిస్తుందో అక్కడే తేలాలి. సమావేశానికి వచ్చిన రోజు కూలి మాత్రం కేర్‌టేకర్ల ప్రతినిధికి తప్పక చెల్లించాలి. లేకపోతే ఆ కుర్చీ ఖాళీగానే ఉంటుంది.