మిర్చి ధర అంచనా: అంకె వెనుక లెక్క

కోల్డు స్టోరేజీలో మిర్చి బస్తాలు పెట్టిన రైతును వేధించే ప్రశ్న ఒకటే. ఇప్పుడు అమ్మాలా, ఆగాలా? దీనికి కమీషన్ వ్యాపారి ఒక జవాబు చెబుతాడు, వ్యవసాయ విశ్వవిద్యాలయం మరొకటి చెబుతుంది. ఈ రెండవ జవాబు ఎలా తయారవుతుందో పరిశీలిద్దాం.

2006లో ప్రారంభమైన జాతీయ వ్యవసాయ ఆవిష్కరణ పథకం కింద, కోయంబత్తూరులోని తమిళనాడు వ్యవసాయ విశ్వవిద్యాలయం సారథ్యాన, పలు రాష్ట్రాల వర్సిటీలు మార్కెట్ సమాచార కేంద్రాలు పెట్టుకున్నాయి. ఆచార్య ఎన్.జి. రంగా విశ్వవిద్యాలయం వాటిలో ఒకటి. ధరలు యార్డులవి, గణితం వర్సిటీలది.

ఎక్కువగా వాడే పద్ధతి పేరు 'అరిమా'. బాక్స్, జెంకిన్స్ అనే గణాంక శాస్త్రవేత్తలు 1970లో వెలువరించిన గ్రంథంతో ప్రచారంలోకి వచ్చింది. పేరు చూసి బెదరనక్కరలేదు. గత ధరల కదలికలోనూ, గత అంచనాల తప్పులలోనూ రేపటి ధరకు ఆనవాలు వుంటుందన్నదే దీని మూలసూత్రం.

ఒక ఊహా ఉదాహరణ: క్వింటాలు ధర రూ. 12,000 నుంచి రూ. 12,400కు పెరిగింది. ఒక నెల మార్పులో సగం మరుసటి నెలకు కొనసాగుతుందని పాత లెక్కలు చెబుతున్నాయనుకుందాం. 400లో సగం 200. కనుక అంచనా రూ. 12,600. తీరా మార్కెట్ రూ. 12,300 వద్ద ఆగింది. తప్పు 300. ఈసారి ధర 100 తగ్గింది, అందులో సగం 50. తప్పులో మూడో వంతు, అనగా 100, కూడా తగ్గించాలని పాత లెక్కలే చెబితే కొత్త అంచనా రూ. 12,150. బి.కాం.లో పరీక్ష కోసం బట్టీ పట్టిన చలన సగటుకు ఇది పెద్దన్న వంటిది.

ఈ లెక్క కంటికి కనబడేది ధర మాత్రమే, పొలం కాదు. 2016లో మంచి ధర చూసి రైతులు విస్తారంగా మిర్చి వేశారు. 2017లో సరుకు వెల్లువెత్తి ధర కుప్పకూలింది. మే నెలలో కేంద్రం మార్కెట్ జోక్యం పథకం కింద క్వింటాలుకు రూ. 5,000 ప్రకటించవలసి వచ్చింది.

సాగు విస్తీర్ణం, వర్షపాతం, ఎగుమతులు కూడా కలిపి చూడగల కృత్రిమ మేధ పద్ధతులను పరిశోధకులు పరీక్షిస్తున్నారు. చిక్కేమిటంటే వాటికి మేత ఎక్కువ కావాలి. నెలవారీ ధరలు 20 ఏళ్లవి పోగేసినా 240 అంకెలే. పైగా తేజ, 334, బ్యాడిగ రకాల ధరలు వేర్వేరు. వాటిని కలగలిపిన సగటు ఏ రైతు సరుకుకూ వర్తించదు. యంత్రం ఎంత తెలివైనదైనా ఈ లోపాన్ని సరిదిద్దలేదు. యార్డులో రకంవారీ నమోదు శ్రద్ధగా జరగాలి.

అంచనాను ఒకే అంకెగా చదవరాదు. నేటి ధర రూ. 12,000, అయిదు నెలల తర్వాత రూ. 11,500-13,500 అని అంచనా వచ్చిందనుకోండి. రైతు చూపు 13,500 మీదే పడుతుంది. నడిమి అంకె 12,500, అంటే లాభం 500. నూటికి రూపాయి వడ్డీ చొప్పున అయిదు నెలలకు అయ్యేది 600. స్టోరేజీ అద్దె, తూకంలో తరుగు ఇంకా కలపనేలేదు.