కడలి యింటి అతిథులు

పసిఫిక్ మహాసముద్రమున హవాయి ద్వీపములు కలవు. అచ్చటి జలములలో బొంగరమువలె తిరుగుచు పైకెగురు డాల్ఫినులను చూచుటకు యాత్రికులు పెక్కండ్రు వత్తురు. ఈ డాల్ఫినులు రాత్రివేళ లోతైన కడలిలో చేపలను, రొయ్యలను వేటాడి, పగలు తీరమునకు చేరువనున్న అఖాతములలో విశ్రమించును. మనుజులు తాకగోరి చుట్టుమూగినచో వానికి విశ్రాంతి చెడును. వేటాడుటకును, పిల్లలను సాకుటకును శక్తి చాలదు. అందుచే తీరసమీపమున ఎవ్వరును వానికి 50 గజములకంటె దగ్గరగా పోరాదని 2021వ సంవత్సరమున అమెరికా ప్రభుత్వము శాసించినది.

కావున అచ్చటికేగు కుటుంబము తన దినచర్యను ముందుగనే నిర్ణయించుకొనవలెను. ఉదయము ఒడ్డున నిలిచి డాల్ఫినులను కనులపండువుగా చూడవచ్చును. పిదప వేరొకచోట ఈదులాడి, ఇసుకలో ఆడుకొనవచ్చును. కడలి డాల్ఫినుల యిల్లు; మనము అతిథులము. ఇంటివాని నిద్ర చెడగొట్టుట అతిథికి తగునా?