వైరస్ అక్షరాలు చదవడం నేర్చుకుందాం



హెచ్‌ఐవి మందులు వాడుతున్నా రక్తంలో వైరస్ తగ్గకపోతే, డాక్టరు గారు ఒక్కోసారి జీనోటైప్ పరీక్ష రాస్తారు. ఆ రిపోర్టుకు ఆధారం ఎ, టి, జి, సి అనే నాలుగు అక్షరాల పొడవాటి వరుస. దాన్ని పరిశీలించడానికి ఇంటర్నెట్‌లో ఉచిత సాధనాలు ఉన్నాయి. ఒక్కొక్కటిగా చూద్దాం.

1. ఫాస్టా: అక్షరాల వరుసను ఈ పద్ధతిలో రాసుకోవాలి. పై లైను ">" గుర్తుతో మొదలవుతుంది. అక్కడ కోడ్ నంబరు మాత్రమే వేయండి. రోగి పేరు, ఊరు ఎన్నడూ రాయకూడదు.

2. బ్లాస్ట్: ఇది అమెరికాలోని ఎన్‌సిబిఐ సంస్థ సాధనం. మన వరుసను జెన్‌బ్యాంక్‌లో ఉన్న వరుసలతో పోల్చి, దగ్గరివాటిని చూపుతుంది. అభ్యాసం కోసం కె03455 అనే నంబరు ఇవ్వండి. అది 9,719 అక్షరాల హెచ్‌ఐవి వరుస, బి రకం. మన దేశంలో ఎక్కువగా ఉన్నది సి రకం. ఫలితాల్లో మూడు చూడండి: వరుసలో ఎంత భాగం పోలింది, ఎంత శాతం కలిసింది, ఈ-వాల్యూ ఎంత. ఈ-వాల్యూ సున్నాకు దగ్గరైతే ఆ పోలిక యాదృచ్ఛికం కాదని అర్థం.

3. స్టాన్‌ఫోర్డ్ హెచ్‌ఐవి డేటాబేస్: బ్లాస్ట్ చుట్టరికం చెబుతుంది గాని, మందు పనిచేస్తుందో లేదో చెప్పదు. వెయ్యి అక్షరాల్లో ఒక్కటే మారితే 99.9 శాతం కలిసినట్టే కనిపిస్తుంది. కాని ఆ ఒక్కటి ఎక్కడ మారిందన్నదే ముఖ్యం. వైరస్‌లోని రివర్స్ ట్రాన్స్‌క్రిప్టేజ్ ఎంజైములో 184వ స్థానానికి ఎటిజి అనే మూడు అక్షరాలు ఉంటాయి. అది జిటిజి అయితే మెథియోనిన్ బదులు వేలిన్ వస్తుంది. అప్పుడు లామివుడిన్‌కు వైరస్ బాగా తట్టుకుంటుంది. ఇలాంటి మార్పులను గుర్తించి, ఏ మందుకు ఎంత నిరోధకత ఉందో ఈ డేటాబేస్ ఐదు స్థాయిల్లో చూపుతుంది.

గుర్తుంచుకోండి: ఈ ఫలితం మందుల చీటీ కాదు. పై మార్పు ఉన్నా డాక్టర్లు చాలాసార్లు లామివుడిన్ కొనసాగిస్తారు, ఎందుకంటే ఆ మార్పు వైరస్‌ను కొంత బలహీనపరుస్తుంది. కాబట్టి తెరమీద చూసినదాన్ని బట్టి "ఈ మాత్ర ఆపండి" అని రోగితో అనవద్దు.

మాత్రలు ఒకరోజు వేసుకుని ఒకరోజు మానేస్తుంటే రక్తంలో మందు చాలదు. అలాంటప్పుడే మారిన వైరస్ పెరిగి నిలుస్తుంది. మందులు తీసుకోవడానికి వచ్చినవారిని "ఈ నెల ఎన్ని మాత్రలు తప్పాయి?" అని నెమ్మదిగా, కోప్పడకుండా అడగండి. ఆ జవాబు ఏ డేటాబేస్‌లోనూ దొరకదు.