బాలబాలికల కళాయాత్ర

పోచంపాడు ఆనకట్ట దాటిన గోదావరి నీరు దిగువకు ప్రవహించి రాజమహేంద్రవరము చేరును. అచటి ప్రభుత్వ కళాశాలకు 1909లో ఆస్వాల్డ్ కూల్డ్రే అను ఆంగ్లేయుడు ప్రధానాచార్యుడుగా వచ్చెను. చిత్రకారుడగు ఆయన కొందరు శిష్యులను వెంటబెట్టుకొని అజంతా గుహలకు తీసికొనిపోయెను. మన గోడలను మన పిల్లలకు పరదేశి చూపవలసివచ్చెనే యని కొందరు నొచ్చుకొనవచ్చును. మాకు మాత్రము ఇందు చిన్నతనము కనబడదు.

ఆ శిష్యులలో దామెర్ల రామారావు, అడివి బాపిరాజు ముఖ్యులు. రామారావు బొంబాయి జె.జె. చిత్రకళాశాలలో పాశ్చాత్య పద్ధతిని అభ్యసించి, తిరిగి వచ్చి, అజంతా రేఖతో తెలుగువారిని చిత్రించెను. యువకులకై రాజమహేంద్రవరములో చిత్రకళాశాల స్థాపించెను. 1925లో ఇరువదియెనిమిదేండ్లు నిండకమునుపే మరణించినను, మిత్రుడు వరదా వెంకటరత్నము ఆ పనిని నిలిపెను. బాపిరాజు చిత్రములతోపాటు శాతవాహనుల కాలమును గూర్చి 'హిమబిందు' నవల వ్రాసెను.

అజంతా మనకు దూరము కాదు. 1956 వరకు నిజామాబాదు, ఔరంగాబాదు జిల్లాలు ఒకే హైదరాబాదు రాష్ట్రములో ఉండినవి. నిజామాబాదులో రైలెక్కిన బాసర, నాందేడుల మీదుగా ఔరంగాబాదు (2023 నుండి ఛత్రపతి శంభాజీనగర్) చేరవచ్చును. అచటినుండి గుహలు సుమారు 100 కిలోమీటర్లు. గోదావరి ఆవలి నిర్మల్ చిత్రకారుల పలకలపైనను అజంతా రూపములు కానవచ్చును. తెలుగు, ఉర్దూ, మరాఠీ మూడును వినుచు పెరుగు బోధను ప్రాంతపు పిల్లలకు ఈ యాత్ర మరింత సులభము.

కావున పంచాయతీ సభ్యులు ప్రధానోపాధ్యాయునితో ఆలోచించి, శీతకాలములో పది పదిహేనుమందిని పంపవలెనని కోరుచున్నాము. నిర్మల్ కళాకారుడొకరు వెంటనుండిన మేలు. సోమవారము అజంతా మూసియుండును. ఇది మరచి బయలుదేరిన ఒక దినము వృథా. పిల్లలను ముప్పది గుహలకును పరుగెత్తింపరాదు. మొదటి గుహలోని పద్మపాణి ఎదుట కొంతసేపు నిలువనిండు. ఆ మసకవెలుతురుకు కన్ను అలవడుటకే సమయము పట్టును. కాగితము, పెన్సిలు చాలును.

ఇంటికి వచ్చిన పిమ్మట అజంతా బొమ్మనే గీయుమని నిర్బంధింపకుడు. రామారావు ఆ రేఖను తీసికొని తన ఊరివారిని చిత్రించెను గదా! మన పసుపు కల్లములు, చెరకు తోటలు, బతుకమ్మ ఆడు స్త్రీలు చాలరా? ఆ చిత్రములను పంచాయతీ కార్యాలయపు గోడకు తగిలింపుడు. ఆడపిల్లలను ఇంట నిలుపుట మాకు సమ్మతము కాదు. చార్జీలకు చాలని బిడ్డలెవరో యాత్రకు ముందే విచారించి, వారి ఖర్చుకు చందా పోగుచేయుట సభ్యుల వంతు.